పాటల పెట్టె: రాబర్ట్ ప్లాంటూ, బొంబాయి టేపూ

లెడ్ జెప్పెలిన్ పేరు చెప్పగానే రాక్ సంగీతం వినే కుర్రకారు కళ్ల ముందు మెదిలే బొమ్మ ఒక్కటే. చొక్కా గుండీలు విప్పుకుని, ఉంగరాల జుట్టు ఎగరేస్తూ, మైకు పట్టుకుని పైస్థాయిలో కేక పెట్టే రాబర్ట్ ప్లాంట్! ఆ కేకకి లోకం దాసోహమంది, కాదనను. కాని నన్నడిగితే, ప్లాంట్ ఎంతటి గాయకుడో తెలియాలంటే ఆ కేకలున్న రికార్డులు కాసేపు పక్కన పెట్టాలి. అతను ఇంకొకళ్ల పక్కన నిలబడి పాడినవి వినాలి. వాటిని వెతుక్కుంటే గాని దొరకవు. ఈ వారం మన పెట్టెలోంచి పైకి తీసినవి అవే.

మొదటి రికార్డు సంగతి చూడండి. ప్లాంట్ పుట్టింది 1948లో, ఇంగ్లండులోని వెస్ట్ బ్రామ్‌విచ్‌లో. 1966లో, అంటే సరిగ్గా పద్దెనిమిదేళ్ల వయసులో, 'యూ బెటర్ రన్' అనే పాట పాడాడు. సి.బి.ఎస్. కంపెనీ వేసిన రికార్డు మీద 'లిజన్' అని బృందం పేరుంది. తమాషా ఏమిటంటే, ఆ బృందంలోంచి రికార్డులో వినిపించేది ప్లాంట్ గొంతు ఒక్కటే. వాద్యాలన్నీ స్టూడియో వాళ్లవి! అదే ఏడు అదే పాటని ఎన్‌బిట్వీన్స్ అనే మరో బృందం కూడా రికార్డు చేసింది. ఆ బృందమే తర్వాత స్లేడ్ పేరుతో ఇంగ్లండుని ఊపేసింది. 1967లో ప్లాంట్ ఒక ఇటాలియన్ పాట బాణీకి ఇంగ్లీషు మాటలు పాడాడు. వెనక వయొలిన్లు, ముందు బుద్ధిమంతుడిలా మన ప్లాంట్! 1968లో అలెక్సిస్ కార్నర్ అనే బ్లూస్ పెద్దాయనతో కలిసి పాడాడు. ఇవి ఏళ్ల తరబడి సేకరణదారుల బీరువాల్లోనే ఉండిపోయాయి. 2003లో 'సిక్స్‌టీ సిక్స్ టు టింబక్టు' అనే రెండు డిస్కుల సంకలనం వచ్చాక గాని నాలాంటి మామూలువాళ్ల చేతికి రాలేదు.

ఆ ఏడాదే, అంటే 1968లోనే, జిమ్మీ పేజ్ పిలుపు వచ్చింది. లెడ్ జెప్పెలిన్ పుట్టింది. తర్వాత కథ మీకు తెలిసిందే గనక వదిలేస్తాను. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ బృందం స్టూడియో ఆల్బములన్నీ గాలించినా, బయటినుంచి వచ్చి పాడిన గొంతు ఒక్కటే కనిపిస్తుంది. 1971 నాటి నాలుగో ఆల్బములో 'ద బాటిల్ ఆఫ్ ఎవర్‌మోర్' పాడిన శాండీ డెన్నీది. ఆ ఆల్బము కవరు మీద పేర్లు లేవు. నలుగురూ తలో గుర్తు పెట్టుకున్నారు. ఐదో గుర్తు శాండీకి ఇచ్చారు. అతిథికి అంతకంటే మర్యాద ఏముంటుంది! పాపం, ఆమె 1978లో ముప్పై ఒకటో ఏట కన్నుమూసింది.

ఇక అసలు సంగతికొస్తాను. 1972లో పేజ్, ప్లాంట్ ఇద్దరూ బొంబాయిలో దిగారు. కొలాబాలోని స్లిప్ డిస్క్ అనే డిస్కోథెక్‌లో గిటారు పట్టి పాడి అక్కడి కుర్రాళ్లకి పండగ చేశారు. అది అందరూ చెప్పుకునే ముచ్చట. అంతకంటే పెద్ద పని స్టూడియోలో జరిగింది. తమ పాటలు రెండు, 'ఫ్రెండ్స్', 'ఫోర్ స్టిక్స్', బొంబాయి వాద్యకారులతో మళ్లీ రికార్డు చేశారు. డ్రమ్ముల జాన్ బోనమ్ లేడు, బేస్ గిటారు జాన్ పాల్ జోన్స్ లేడు. ఆ చోట తబలా మోగింది, వయొలిన్లు పలికాయి.

'ఫోర్ స్టిక్స్' తేలిక పాట కాదు. ఒకచోట అయిదు మాత్రలు, ఇంకోచోట ఆరు. బోనమ్ చేతికి రెండేసి కర్రలు పట్టుకుని వాయించాడు కాబట్టే దానికా పేరు. లెక్కలు వేసి తాళం వాయించే దేశంలో అయిదూ ఆరూ కొత్త కాదు గాని, రాక్ నడకలో వాటిని కుదర్చడం మరో విద్య. మరి వాద్యకారులని నడిపించినదెవరు?

విజయ రాఘవరావు!

పేరు ఎక్కడో విన్నట్టుందా? మద్రాసులో పుట్టిన వేణు విద్వాంసుడు, రవిశంకర్ శిష్యుడు. మృణాల్ సేన్ 1969లో తీసిన 'భువన్ షోమ్'కి సంగీతం ఆయనదే. అదే మృణాల్ సేన్ 1977లో మన తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ'కీ ఆయనే సంగీతం కూర్చారు. ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి కొట్టిన సినిమా అది. అంటే, మన తెలుగు సినిమాకి పనిచేసిన చేతులే లెడ్ జెప్పెలిన్ పాటకి తాళం చూపించాయన్నమాట! ఈ సంగతి తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

అయితే ఆ టేపు అప్పట్లో విడుదల కాలేదు. దొంగ రికార్డుల రూపంలో చేతులు మారుతూ తిరిగింది. నలభై మూడేళ్ల తర్వాత, 2015లో, 'కోడా' ఆల్బముని మళ్లీ విడుదల చేసినప్పుడు అదనపు డిస్కుల్లో చేర్చారు. అప్పటికి విజయ రాఘవరావు గారు లేరు. 2011లోనే అమెరికాలో కన్నుమూశారు. కవరు మీద 'బొంబాయి ఆర్కెస్ట్రా' అని ఉంటుంది. మన సినిమా రికార్డుల తంతూ ఇదే కదా! పాడినవాళ్ల పేరుంటుంది, సంగీత దర్శకుడి పేరుంటుంది. వయొలిన్ వాయించినవాడి పేరు మాత్రం ఉండదు. వినేటప్పుడైనా వాళ్లని తలుచుకుందాం.

ఆ బొంబాయి విత్తనం వృథా పోలేదు. 1994లో పేజ్, ప్లాంట్ మళ్లీ కలిసి, ఈజిప్టు, మొరాకో వాద్యకారులతో ఎం.టి.వి. కోసం పాడినప్పుడు, ఆ రెండు పాటలూ తిరిగి పైకొచ్చాయి. శాండీ డెన్నీ పాడిన భాగం ఈసారి నజ్మా అఖ్తర్ పాడింది. గజళ్లతో పేరు తెచ్చుకున్న, భారతీయ మూలాలున్న ఇంగ్లండు గాయని. ఆమె గమకం ఒక్కసారి వినండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఇప్పుడు 2007కి రండి. ఆ ఏడు అక్టోబరులో ప్లాంట్, అమెరికా బ్లూగ్రాస్ గాయని ఆలిసన్ క్రాస్ కలిసి 'రెయిజింగ్ శాండ్' ఆల్బము తెచ్చారు. డిసెంబరు 10న లండన్‌లో లెడ్ జెప్పెలిన్ పునస్సమాగమం. టికెట్ల కోసం వచ్చిన అర్జీలు రెండు కోట్లు! ఇంకొకడైతే ఏం చేసేవాడు? పాత బృందంతో ప్రపంచం చుట్టి కోట్లు మూటగట్టుకునేవాడు. ప్లాంట్ 2008లో క్రాస్‌తోనే ఊళ్లు తిరిగాడు. అభిమానులు చాలామంది మండిపడ్డారు. 2009లో ఆ ఆల్బమే గ్రామీల్లో ఆ ఏటి మేటి ఆల్బము అయింది. అందులో ప్లాంట్ అరవడు. ఆమె గొంతు ఎక్కడ ఆగుతుందో చూసుకుని, తన గొంతుని దాని పక్కన మెల్లగా ఆనిస్తాడు. అరవై ఏళ్ల వయసుకి అది కొత్తగా నేర్చుకున్న పాఠం.

మన అభిమానుల పద్ధతి మీకు తెలుసు. హీరో అదే స్టెప్పు వెయ్యాలి, గాయకుడు అదే కేక పెట్టాలి. పెట్టకపోతే 'పనైపోయింది' అంటాం. కాని గొంతు పైకెత్తడం వయసు చేసే పని. పక్కవాడి కోసం దించడం మనిషి చేసే పని. ప్లాంట్ రెండూ చేశాడు. మొదటిది అందరూ విన్నారు. రెండోది మీరు వినండి. ముందు బొంబాయి టేపు, ఆ తర్వాత నజ్మా పాట, చివర క్రాస్ ఆల్బము. ఈ వరసలోనే సుమా!

వచ్చేవారం: పంచగని స్కూల్లో పియానో వాయించిన కుర్రాడు ఫ్రెడ్డీ మెర్క్యురీ ఎలా అయ్యాడు? అంతవరకూ సెలవు.