నోటికాడి చేప ఎవరిది?

గాలానికి పడిన చేప పడవలోకి చేరేలోపు సీల్ వచ్చి ఎగరేసుకుపోతే దానిని దొంగతనం అనవచ్చునా? అనకూడదనే నా అభిప్రాయం. అయితే ఈ మాట ధైర్యంగా అనగలగడానికి నాకు కొన్నేళ్ళూ, చాలా చేపలూ ఖర్చయ్యాయి. అందుకని ముందుగా నా తప్పు ఒప్పుకుని ఆ తర్వాత నా వాదన వినిపిస్తాను.

నేనుండేది కాలిఫోర్నియాలో. సెలవురోజున తెల్లవారకముందే బయలుదేరి, మాంటెరీ అఖాతంలో కయాక్ దించి గాలం వేయడం నాకున్న ఒకే ఒక వ్యసనం. కయాక్ అంటే ఒంటిమనిషి పట్టే సన్నని పడవ. ఇంజను ఉండదు, తెడ్డే ఆధారం. కూర్చుంటే నడుము దాదాపు నీటిమట్టానికి వస్తుంది. పెద్ద పడవలో వెళ్ళేవారు సముద్రాన్ని మేడమీదినుంచి చూస్తారు, మేము వీధి అరుగుమీద కూర్చుని చూస్తాము. అరుగుమీద కూర్చున్నవాణ్ణి దారిన పోయేవారు పలకరించక మానరు కదా! మమ్మల్ని పలకరించేవాటిలో మొదటిది సీల్.

ఆనాడు దట్టమైన మంచు. కెల్ప్ అనే సముద్రపు నాచు అడవిలా పెరిగినచోట, దాని అంచున గాలం వేశాను. కాసేపటికి కర్ర వంగింది. రాక్‌ఫిష్ అని బరువును బట్టి తెలిసింది. సగం దూరం పైకి వచ్చేసరికి దారం ఒక్కసారిగా బరువెక్కి, రీలు గిర్రున తిరిగి, అంతలోనే తేలికైపోయింది. చుట్టి చూస్తే గాలానికి తల మాత్రం మిగిలింది. పదిగజాల దూరంలో మచ్చల మచ్చల బూడిదరంగు తల ఒకటి లేచి, కుక్కపిల్ల కళ్ళవంటి కళ్ళతో నన్ను చూస్తూ నమిలింది. రెండవసారీ ఇదే కథ. మూడవసారి పడింది లింగ్‌కాడ్. మోచేతి పొడవును మించిన చేప, ఆ యేడు నాకు పడిన మొదటిది. పడవ పక్కకు వచ్చింది, వల చేతిలోకి తీసుకున్నాను, అంతే. నీళ్ళు భళ్ళున చీల్చుకుని వచ్చి దానిని నడుముదగ్గర కరిచి పట్టుకుంది సీల్.

నేను తెడ్డు ఎత్తాను.

కొట్టలేదు. దయవలన కాదు. ఎత్తిన చేతి బరువుకు పడవ ఒరిగింది, చన్నీళ్ళలో పడతానేమోనన్న భయం చేతిని దించింది. ఒడ్డున మిత్రులకు ఈ సంగతి చెబితే ఒకాయన, "ఈసారి ఉండేలు తెచ్చుకోండి గురువుగారూ! రెండు గులకరాళ్ళు తగిలాయంటే మళ్ళీ మీ జోలికి రాదు" అన్నారు. అందరమూ నవ్వాము. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చే దారిలో పోయిన చేప గుర్తు రాలేదు గానీ ఆ నవ్వు మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

చట్టం సంగతి సులభం. 1972లో అమెరికా సముద్ర క్షీరదాల సంరక్షణకు ప్రత్యేక చట్టం చేసింది. దాని ప్రకారం నాబోటివాడు సీల్‌ను చంపడమే కాదు, గాయపరచడమూ, వేధించడమూ నేరమే. మేత వేయడం కూడా నిషిద్ధమే. అంతకుముందు పశ్చిమతీరంలో వీటిని చంపి తెచ్చినవారికి బహుమానాలిచ్చిన రాష్ట్రాలున్నాయి. వాటి నేరం, మనం తినే చేపలనే తినడం!

చట్టం ఫలించింది. వీటి దాయాది సీ లయన్‌నే చూడండి. చెవికి చిన్న డొప్ప ఉండి, ముందు రెక్కలమీద లేచి నడుస్తూ, కుక్కలా మొరిగేది సీ లయన్. చెవిడొప్ప లేక, గట్టుమీద పొట్టతో పాకేది సీల్. మా చేపలమీద రెండింటికీ ప్రీతే. కాలిఫోర్నియా సీ లయన్లు 1975లో 90 వేల లోపు ఉండగా, 2008 నాటికి సుమారు 2,80,000 అయ్యాయని శాస్త్రజ్ఞుల అంచనా. "ఇవి మితిమీరి పెరిగిపోయాయండీ" అని మావాళ్ళు వాపోయేది ఇందుకే. పెరిగిన మాట నిజం. అయితే ఎక్కడినుంచి పెరిగాయి? మనిషి నరికి తగ్గించిన చోటినుంచి. చిన్ననాడు మనం చూసిన లెక్కే ప్రకృతి లెక్క అనుకోవడం పొరపాటు.

ఎదుటివారి వాదనలోనూ పస లేకపోలేదు. 1980లలో సియాటిల్ నగరంలోని బాలర్డ్ లాకుల దగ్గర సీ లయన్లు కాపు కాసి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురెక్కే స్టీల్‌హెడ్ చేపలను తినేశాయి. టపాకాయలు పేల్చారు, పట్టి దూరప్రాంతాలలో వదిలారు. అవి తిరిగి వచ్చాయి. చివరకు 1996లో మూడింటిని ఫ్లోరిడాలోని ఒక జలజంతు ప్రదర్శనశాలకు పంపారు. ఐనా ఆ చేప కోలుకోలేదు. ఆనకట్టలూ లాకులూ కట్టి చేపల దారిని ఇరుకు సందు చేసింది మనుషులైతే, ఆ సందు చివర నోరు తెరుచుకుని కూర్చున్నందుకు నింద సీ లయన్‌కు వచ్చింది. కొలంబియా నదిమీది బానవిల్ ఆనకట్ట దగ్గర 2008 మొదలు, అనుమతి పొందిన అధికారులు కొన్నింటిని చంపారు కూడా. అంతరించిపోతున్న చేపకోసం, లెక్క చూసుకుని, బాధ్యత వహించి చేసిన పని అది. దానిని నేను తప్పుపట్టను. నా ఆదివారపు పులుసుకోసం ఎత్తిన తెడ్డుకు ఆ గౌరవం లేదు.

కోనసీమలో మా మేనమామకు చేపల వేటే బతుకుతెరువు. కాలువలో కట్టిన వలను నీరుకుక్కలు చింపి చేపలు తిన్న పొద్దున ఆయన వాటిని తిట్టిన తిట్లు నాకింకా గుర్తే. తిడుతూనే కూర్చుని వల అల్లుకునేవాడు. ఆ పూట ఇంట్లో కూడు ఆ వలమీద ఆధారపడి ఉండేది కనుక ఆ కోపానికి ఒక హక్కు ఉంది. నాకు పోయింది కూడు కాదు, వినోదం. మామయ్య కోపాన్ని అరువు తెచ్చుకుని నేను వాడుకోవడం న్యాయం కాదు.

ఇక అసలు ప్రశ్న. చేప నాది ఎప్పుడయింది? ఎర తిన్నప్పుడా, కర్ర వంగినప్పుడా, పడవలో పడినప్పుడా? 2001లో జర్మనీ పరిశోధకులు ఒక సీల్ కళ్ళకు గంతలు కట్టి, చెవులు మూసి, నీటిలో ఒక బుల్లి జలాంతర్గామిని నడిపి ఆపారు. అది పోయిన దారిలో నీటిలో మిగిలిన కదలికను ఆ సీల్ మీసాలతోనే పసిగట్టి వెంటాడింది. అటువంటి మీసాలున్న ప్రాణి ఎదుట, పారిపోలేని చేపను దారానికి కట్టి గిలగిలలాడించేది ఎవరు? నేను. వీధిలో విస్తరి వేసి, వడ్డించి, తిన్నవాణ్ణి దొంగ అంటున్నాను.

నా కళ్ళు తెరిపించింది మాత్రం లింగ్‌కాడే. గాలానికి పడిన చిన్న రాక్‌ఫిష్ పైకి వస్తుంటే ఒక్కొక్కప్పుడు లింగ్‌కాడ్ దానిని కరిచి, వదలక, పడవదాకా వచ్చి మా వలలో పడుతుంది. అప్పుడు మేమేమంటాము? "ఒక దెబ్బకు రెండు" అని కేరింతలు కొడతాము! చేసిన పని ఒక్కటే. అది నాకు లాభిస్తే అదృష్టం, సీల్‌కు లాభిస్తే దొంగతనం. ఇది న్యాయం కాదు, పేరాశ.

చేయదగినది లేదా అంటే ఉంది. పట్టిన చేపలను తాడుకు గుచ్చి పడవ పక్కన వేలాడదీయకూడదు. కడిగిన పేగులు నీళ్ళలో పారేసి దానికి రుచి మరపకూడదు. సీల్ కనిపించగానే గాలం తీసి, చోటు మారాలి. లోతునుంచి తెచ్చిన రాక్‌ఫిష్‌కు లోపలి గాలితిత్తి ఉబ్బి తిరిగి మునగలేదు. దానిని పైపైన వదిలేసి "ప్రాణం పోశాను" అనుకుంటే అది సీల్ నోటికో, కొంగ నోటికో పోతుంది. బరువు కట్టి లోతుకు దించి విడిచే సాధనాలున్నాయి, వాటిని వాడాలి.

అన్నిటికన్నా ముఖ్యం లెక్క. ఇక్కడ రాక్‌ఫిష్ రోజుకు పదికి మించి ఉంచుకోరాదని నియమం. సీల్ తిన్నది నేను ఉంచుకున్నది కాదు కనుక ఆ లెక్కలోకి రాదు. కానీ చచ్చింది నా గాలం వల్లనే. అందుచేత ఇప్పుడు నా సొంత లెక్కలో అదీ నాదే. మూడు పోతే నాకు మిగిలింది ఏడే. రెండు వరుసగా పోతే ఇంటిముఖం పట్టడమే. సీల్‌ను దొంగ అన్నంతకాలం పోయినదానికి బదులు ఇంకొకటి పట్టే హక్కు ఉందనుకునేవాణ్ణి. ఆ మాట మానుకున్నాక ఆ హక్కూ పోయింది. ఈ వాదన మిత్రులకు రుచించలేదు. ఉండేలు సలహా ఇచ్చినాయన, "మీరు సీల్ పార్టీలో చేరిపోయారు" అంటున్నారు. మీకెలా తోస్తుందో చెప్పండి, వినడానికి సిద్ధమే.

కిందటి వారం ఒక్క చేపతో ఇల్లు చేరాను. ఎన్ని పడ్డాయని అడిగింది మా ఆవిడ. మూడన్నాను.

"సంచిలో ఒకటే ఉందేం?"

"మిగతా రెండూ అక్కడే వడ్డించి వచ్చాను."

ఆవిడ ఏమీ అనలేదు. పులుసులోకి చింతపండు మాత్రం కొంచెమే నానబెట్టింది.