పచ్చరంగు చూసి సంబరపడొద్దు!

‘నా సిస్టంలో అన్నీ పాసయ్యాయి సార్!’ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ వినబడే మాటే ఇది. చెప్పినవాళ్లు అబద్ధం ఆడటం లేదు. తెర మీద పచ్చరంగులో ‘పాస్‌డ్’ అని కనబడుతూనే ఉంటుంది. కానీ అడగాల్సిన ప్రశ్న వేరు. అసలు ఎన్ని టెస్టులు నడిచాయి? ఏ సెట్టింగులతో నడిచాయి?

పైథాన్ రాసేవాళ్లకి బాగా అలవాటైన పైటెస్ట్‌నే తీసుకుందాం. కమాండ్ లైన్లో దాని పేరు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, టెస్టులన్నీ తనే వెతికి నడిపేస్తుంది. అయితే ఆ వెతకడానికో పద్ధతి ఉంది. ఫైలు పేరు ‘టెస్ట్’, అండర్‌స్కోర్‌తో మొదలవ్వాలి. లేదంటే అండర్‌స్కోర్, ‘టెస్ట్’తో ముగియాలి. మీరు పొరపాటున ‘టెస్ట్స్’ అని ఒక్క ‘ఎస్’ ఎక్కువ తగిలించి మొదలుపెట్టారనుకోండి, ఆ ఫైలు వంక కూడా చూడదు. ఎర్రరూ ఇవ్వదు. మిగతావి పాసైతే తెర పచ్చగానే ఉంటుంది. వడ్డీ లెక్కల టెస్టులన్నీ ఆ ఫైల్లోనే ఉంటే? లెక్క తప్పిన సంగతి ఖాతాదారుడు ఫోన్ చేసి తిట్టాక గానీ తెలియదు.

అందుకే ఏ సెట్టింగ్ ఎక్కడ పెట్టాలో తెలిసుండాలి. సూత్రం ఒక్కటే: టీం అందరికీ వర్తించేది ఫైల్లో రాయండి, ఆ పూట అవసరానికి కావాల్సింది కమాండ్ లైన్లో కొట్టండి.

ఆ పూట అవసరాలంటే ఏంటి? హైఫన్ ఎక్స్ పెడితే మొదటి ఫెయిల్యూర్ దగ్గరే ఆగిపోతుంది. హైఫన్ కె తర్వాత ‘లాగిన్’ అని ఇస్తే, పేరులో ఆ మాట ఉన్న టెస్టులే నడుస్తాయి. రెండు హైఫన్లు, ఎల్ఎఫ్ అంటే కిందటిసారి ఫెయిలైనవి మాత్రమే. బగ్ వెతికేటప్పుడు ఇవి భలే పనికొస్తాయి. వీటినే తీసుకెళ్లి కాన్ఫిగ్ ఫైల్లో పెడితే మాత్రం చిక్కే. పది ఫెయిలైనా అందరికీ మొదటిదొక్కటే కనబడుతుంది.

ఫైల్లో ఉండాల్సినవి వేరు. టెస్టులు ఏ ఫోల్డర్లో ఉన్నాయో చెప్పే టెస్ట్‌పాత్స్, ప్రతిసారీ వర్తించే ఆప్షన్ల కోసం యాడ్‌ఆప్ట్స్. అందులో స్ట్రిక్ట్ మార్కర్స్ తప్పకుండా చేర్చండి. అది లేకపోతే ‘పేమెంట్’ అనే మార్కర్ స్పెల్లింగ్ తప్పు రాసినా ఒక వార్నింగ్‌తో సరిపెడుతుంది. రిలీజ్ రోజు ‘పేమెంట్ టెస్టులే నడుపు’ అంటే ఆ టెస్టు జారిపోతుంది. స్ట్రిక్ట్ ఉంటే అక్కడికక్కడే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది.

రెండు చోట్లా రాస్తే ఏది చెల్లుతుంది? ముందు ఫైల్లోని ఆప్షన్లు, తర్వాత ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్లోవి, చివర మీరు టైప్ చేసినవి వరసగా చేరతాయి. పేచీ వస్తే చివరిదే నెగ్గుతుంది.

ఇంకో తిరకాసుంది. సెట్టింగులన్నీ పైప్రాజెక్ట్ డాట్ టామ్ల్‌లో చక్కగా రాసుకుంటారు. పక్కనే ఎవరో వదిలేసిన పైటెస్ట్ డాట్ ఐఎన్ఐ ఉంటుంది. అది ఖాళీగా ఉన్నా సరే, పెత్తనం దానిదే. మీరు రాసినవి గాలికి పోతాయి. రన్ మొదలవగానే తెర పైభాగంలో ‘కాన్ఫిగ్‌ఫైల్’ అని ఒక పేరు వస్తుంది. ఎవరూ చదవని ఆ లైన్లోనే జవాబుంటుంది.

ఇక సర్వర్ మీద ఆటోమేటిగ్గా నడిచేటప్పుడు మెషీన్ రంగులు చూడదు, ఎగ్జిట్ కోడ్ చూస్తుంది. 0 అంటే అన్నీ పాస్. 1 అంటే కొన్ని ఫెయిల్. 5 అంటే ఒక్క టెస్టూ దొరకలేదని. ఆ 5 వచ్చినప్పుడు ‘ఫెయిలేం కాలేదుగా’ అని స్క్రిప్టులో దాన్ని దాటేసే ఏర్పాటు చేయకండి. అలాగే లాగ్ దాచుకుందామని అవుట్‌పుట్‌ని పైపుతో ఇంకో కమాండ్‌కి పంపితే, బ్యాష్‌లో మామూలుగా బయటికొచ్చేది ఆ చివరి కమాండ్ కోడే. టెస్టులు ఫెయిలైనా 0 వచ్చేస్తుంది. పైప్‌ఫెయిల్ ఆన్ చేస్తే ఆ బాధ తప్పుతుంది.

రేపు ఆఫీసుకెళ్లగానే రెండు పనులు చేయండి. కలెక్ట్ ఓన్లీ ఆప్షన్ ఇస్తే టెస్టులు నడపకుండా జాబితా మాత్రం చూపిస్తుంది. మీరు అనుకున్న లెక్కకి సరిపోయిందో లేదో చూసుకోండి. తర్వాత మీ బ్రాంచిలో ఒక టెస్టుని కావాలనే ఫెయిలయ్యేలా మార్చి సర్వర్‌కి పంపండి. ఎర్రరంగు వచ్చిందా, మీ పచ్చరంగుని నమ్మొచ్చు. రాలేదా, ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకండి!