పైశున్యం – చెవికి కావలసిన శిక్షణ

పిల్లలకు “అబద్ధమాడరాదు” అని నేర్పని గృహం ఉండదు. “ఒకరి మాట మరొకరికి మోయరాదు” అని నేర్పే గృహాలు కొన్ని ఉన్నాయి. “మోసుకొచ్చిన మాటను విచారింపక నమ్మరాదు” అని నేర్పే గృహం మాత్రం బహు అరుదు. పసివారి స్నేహాలు అధికంగా చెడుతున్నది ఈ మూడవ పాఠం లేకనే.

మనుస్మృతి ద్వాదశాధ్యాయంలో వాచిక పాపాలు నాలుగని చెప్పబడింది: పారుష్యం, అనృతం, పైశున్యం, అసంబద్ధ ప్రలాపం. జ్యేష్ఠ శుద్ధ దశమినాడు దశపాపహరమైన గంగాస్నానం చేసేవారు తొలగాలని కోరుకునే పది పాపాలలో ఈ నాలుగూ ఉన్నాయి. ఇందులో అనృతం వేరు, పైశున్యం వేరు. అబద్ధం కలిసినప్పుడే కొండెమవుతుందని అనుకుంటే ఈ విభాగానికి అర్థమే లేదు. భగవద్గీత షోడశాధ్యాయం దైవీ సంపదలో ‘అపైశునం’ అనే గుణాన్ని పేర్కొన్నది. ఒకరి లోపాన్ని వేరొకరి యెదుట బయటపెట్టడమే పైశునమని, అది లేకపోవడమే అపైశునమని శంకర భగవత్పాదులు వివరించారు. ఆ లోపం నిజంగా ఉన్నదా లేదా అనే ప్రసక్తి అక్కడ రాలేదు. కనుక “నేను ఉన్నమాటే చెప్పాను కదా!” అనే బాలుని సమాధానం చాలదు. ఆ సమాధానం పెద్దల నోటనే ముందుగా వినబడుతుంది, పిల్లలు దానిని అక్కడినుండే గ్రహిస్తారు.

మంథర వృత్తాంతం ఇందుకు ప్రబల నిదర్శనం. ఆమె ప్రాసాదం పైనుండి అయోధ్యాలంకరణను చూచి, ధాత్రిని అడిగి, పట్టాభిషేక వార్తను తెలిసికొన్నది. కైకేయికి ఆమె చేర్చిన వార్త అక్షరాలా సత్యం. విని కైకేయి సంతోషించి ఆభరణమిచ్చింది కూడా. విషం వార్తలో లేదు, “ఇక నీ కుమారుని గతి ఏమి?” అంటూ దానికి అల్లిన ఊహలో ఉన్నది. బాలబాలికల మధ్య నడిచేదీ ఇదే. “వాడు నిన్ను పుట్టినరోజుకు పిలవలేదు” అన్నది సత్యమే కావచ్చు. “నీవంటే వాడికి ఇష్టం లేదు” అన్నది దానికి తగిలించిన తోక.

తెలుగునాట రెండు మూడు తరాలవారు బడిలో చదివిన పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడింది. అందులో మిత్రలాభం ముందు, మిత్రభేదం తరువాత. ఈ క్రమం పిల్లల విషయంలో ఎంతో సముచితం. స్నేహం ఎట్లా కూడుతుందో తెలియనివానికి, అది ఎట్లా విరుగుతుందో చెప్పి ప్రయోజనమేమి? లఘుపతనకమనే కాకి మైత్రిని కోరి వచ్చినప్పుడు హిరణ్యకమనే మూషికం వెంటనే కలుగు దాటి రాలేదు. ప్రశ్నించింది, పరీక్షించింది, పిమ్మట నమ్మింది. నమ్మిన తరువాత ఇక సందేహించలేదు.

మిత్రభేదంలో పింగళకమనే సింహం దీనికి విపరీతం. సంజీవకమనే వృషభంతో దానికి గాఢమైన చెలిమి. దమనకుడు సింహం చెంతకు పోయి ఒక మాట, వృషభం చెంతకు పోయి మరొక మాట చెప్పాడు. ఈ కథ చెప్పే పెద్దలందరూ దమనకుని ధూర్తత్వం వద్దనే ఆగిపోతారు. పిల్లలను ఆపి చూపవలసిన చోటు వేరొకటి ఉన్నది. సింహం వృషభాన్ని ఒక్కమాట అడగలేదు. వృషభమూ సింహాన్ని అడగలేదు. దమనకుడు చెప్పిన గుర్తుల కోసం ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నారు, భయంతో చూచినవారికి ఆ గుర్తులు కనబడనే కనబడ్డాయి. సంజీవకం చనిపోయింది. దమనకునివంటివారు ప్రతి తరగతిలోనూ ఒకరిద్దరు ఉంటారు, వారిని లేకుండా చేయడం ఏ ఉపాధ్యాయునికీ సాధ్యం కాదు. “అతనినే అడిగావా?” అనే ప్రశ్నను పిల్లవానికి అలవాటు చేయడం మాత్రం ప్రతి తల్లికీ సాధ్యమే.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో విద్యార్థి చేసే ప్రార్థన ఒకటి ఉన్నది. నాలుక మిక్కిలి మధురం కావాలని కోరిన వెంటనే, చెవులతో విస్తారంగా వినగలగాలని కోరుతాడు. నాలుకా చెవీ ఒకే ప్రార్థనలో జంటగా నిలిచాయి. వేదాధ్యయనం శ్రవణంతోనే సాగుతుంది. గురుముఖతః వినవలసిన చెవిని పరాపవాదంతో నింపితే స్వరం నిలవదు.

(ప్రసంగవశాత్తు ఒక మాట. చాడీలు చెప్పే పిల్లవానిని “నారదుడు” అని వెక్కిరించడం మన ఇళ్లలో పరిపాటి. వాల్మీకికి రామకథను ఉపదేశించినవాడు, భక్తిసూత్రాలకు కర్తగా ప్రసిద్ధుడు అయిన దేవర్షి పేరు పిల్లల మనస్సులో చాడీలకు పర్యాయపదం కావడం శోచనీయం. ఇందులో చలనచిత్రాల పాత్ర స్వల్పం కాదు.)

ఇక్కడ జాగ్రత్త వహించవలసిన అంశం ఒకటి ఉన్నది. పెద్దపిల్లలు చిన్నవానిని ప్రతిదినం కొడుతున్నారని ఒక బాలిక ఇంటికి వచ్చి చెబుతుంది. “చాడీలు చెప్పకు, పో” అని తల్లి కసురుతుంది. ఇది ధర్మం కాదు, ధర్మం పేరిట అలసత్వం. ఆపదను నివారింపగలవానికి తెలియజేయడం పైశున్యమెట్లా అవుతుంది? నిర్జనారణ్యంలో నూకలెట్లా వచ్చాయని చిత్రగ్రీవుడు తోటి కపోతాలను హెచ్చరించాడు. దానిని ఎవరూ కొండెమనలేదు, వినకపోవడమే ప్రమాదమయింది. ఎవరికి చెబుతున్నాము, ఎందుకు చెబుతున్నాము అనే రెండింటితోనే భేదం తేలుతుంది. ఏడేండ్ల పిల్లకు కూడా ఇది అర్థమవుతుంది. ఒకసారి కసరబడిన బిడ్డ, రేపు తనకే కీడు జరిగినా నోరు విప్పదు. ఆ మౌనానికి కారణం తన మాటేనని తల్లికి తెలియను కూడా తెలియదు.

మరి పెద్దల సంగతి? ప్రదక్షిణ చేస్తూ పొరుగింటి కోడలి విషయం చర్చించేవారు, వాట్సాప్‌లో వచ్చిన అపవాదును చదివి పక్కవారికి పంపేవారు, బిడ్డ చేయి పట్టుకొనే ఆ పని చేస్తున్నారు. ఆ బిడ్డకు వేయి నీతికథలు చెప్పినా ఫలితం స్వల్పమే. కనీసం భోజనవేళ, దేవాలయ ప్రాంగణంలో, బిడ్డ వినేటట్లు పరుల ప్రస్తావన తేకూడదనే నియమం ఒకటి పెట్టుకోవచ్చు. ఏకాదశీవ్రతం కంటె ఇది కష్టమని ఆచరించినవారికి తెలుస్తుంది.

చాడీ చెప్పి పట్టుబడిన పిల్లవానిని ఏమి చేయాలి? నలుగురిలో నిలబెట్టి “కొండెగాడు” అని ముద్రవేయడం పాఠశాలల్లోనూ ఇళ్లలోనూ జరుగుతున్నది. రామాయణంలో శత్రుఘ్నుడు కోపంతో మంథరను పట్టి నేలపై ఈడ్చాడు. అంతటి దుఃఖంలోనూ భరతుడు అతనిని వారించాడు, ఈ సంగతి తెలిస్తే రాముడు మనతో మాట్లాడడని. శత్రుఘ్నుడు విడిచిపెట్టాడు. మంథర ఏడుస్తూ కైకేయి పాదాల చెంత పడింది, కైకేయి ఆమెను మెల్లగా ఓదార్చింది.