వాకిటినుండియే మరలింపు

1919 సంవత్సరమున రవీంద్రనాథ ఠాగూరుగారు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్లు విశ్రమించి, జనగణమన గీతమును ఆంగ్లమున ననువదించిరి. నాటి ప్రధానాచార్యులు ఐర్లండునుండి వచ్చిన జేమ్సు కజిన్సుగారు. పరదేశీయుని మన సీమ గురుపీఠముననే కూర్చుండబెట్టినది. పదేండ్లకు, 1929లో, ఆ ఠాగూరుగారే కెనడానుండి అమెరికాకు బోవునపుడు ప్రవేశాధికారులు ప్రశ్నించిన తీరు వారి మనసును గాయపఱచెను. వారు పర్యటనమును నడుమనే విడిచి జపానునకు ఓడ యెక్కిరి. విశ్వకవికే యీ మర్యాద జరుగగా, చౌడేపల్లె పుంగనూరు ప్రాంతముల రైతుబిడ్డ కేమి జరుగునో వేఱుగ జెప్పవలయునా?

2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని రెండు విద్యాలయములలో జేరబోయిన మన విద్యార్థులు, వీసాలు చేతనుండియు, శాన్‌ఫ్రాన్సిస్కోనుండి త్రిప్పి పంపబడిరి. పిమ్మట హైదరాబాదు విమానాశ్రయముననే 19 మందిని ఎయిరిండియావారు విమాన మెక్కనీయలేదు. తమపై నిషేధమేదియు లేదని విద్యాలయములవారనిరి. విద్యార్థుల మాటలు వీసాకు పొసగలేదని అమెరికావారనిరి. మన విదేశాంగశాఖ ప్రయాణము వాయిదా వేసికొనుడని సలహా నొసగెను. పొలము తాకట్టు పెట్టి పంపిన తండ్రికి ఈ ముగ్గురిలో నెవ్వరును జవాబుదారులు కారు.

వీసా వాకిలివఱకే పనికివచ్చునట! 1996 నాటి అమెరికా శాసనము ననుసరించి, అధికారి న్యాయాధిపతి ముఖము చూపకయే వచ్చినవానిని మరలింపవచ్చును. అట్లు మరలింపబడినవాడు 5 సంవత్సరములు తిరిగి రాగూడదు. ఆ గదిలో వకీలును గోరు హక్కు లేదు. ప్రవేశపు దరఖాస్తును తానై ఉపసంహరించుకొను వెసులుబాటు కలదుగాని, అదియు అధికారి దయయే. దానిచే నీ 5 సంవత్సరముల బంధము తప్పును. ఈ సంగతి మన పిల్లలలో నెందఱెఱుగుదురు?

తన వాకిలిని గాచుకొను హక్కు ప్రతి దేశమునకును గలదు. మనవారు నిర్దోషులనియు మేమనము. నాలుగు దినములకై బ్యాంకులో అప్పు సొమ్ము చూపించి, చిలుకపలుకులు నేర్పి పంపు దళారులు మన వీధులలోనే యున్నారు. 1983 నాటి వలసల చట్టమును జేసినవారు ఉద్యోగములకు మనుష్యులను బంపువారికి అనుమతిపత్రము విధించిరిగాని, చదువులపేర బంపువారిని తలపరైరి. కాని హైదరాబాదు కాన్సులేటులో కాగితములన్నియు జూచి ముద్రవేసినది ఆ ప్రభుత్వమే గదా! తన ముద్రను తానే కొట్టివేయునపుడు, కారణమును వ్రాతమూలమున నొసగుటయు, భారత కాన్సలుతో మాటాడనిచ్చుటయు నేమి భారము? మన ప్రభుత్వము సలహాల నొసగుట చాలించి, ఈ రెంటిని గట్టిగా నడుగవలయును. దళారులకు అనుమతిపత్రము విధించుట కన్యదేశపు సెలవు అక్కఱలేదు.