మసాలా ఘాటు - ఆహార రక్షణ

కోల్‌కతా నగరమునకు నైరుతి దిక్కున, హుగ్లీ నది ఒడ్డున మెటియాబ్రుజ్ అను పేట కలదు. 1856లో ఆంగ్లేయులు ఔధ్ రాజ్యమును కలుపుకొనగా, నవాబు వాజిద్ అలీ షా ఇచ్చటికి వచ్చి 1887లో మరణించువరకు నివసించెను. ఆయన వంటవారి వలననే లక్నో పాకము బెంగాలునకు సంక్రమించినదందురు. ఆ చేరువనే గార్డెన్ రీచిలో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయము ఉండుటచే తెలుగు కుటుంబములకును ఈ ప్రాంతము కొత్తది కాదు.

అచ్చట బిర్యానీ గుండిగ మూత తీసిన చాలు, వీధి యంతయు ఘుమఘుమలాడును. “మసాలా దండిగా పడినది, తెల్లవారినను చెడదు” అని యనుకొనువారు పెక్కుమంది కలరు. ఈ నమ్మకములో కొంత నిజము కలదు. కాని దానిని ఆధారము చేసికొని అన్నము నిలువ యుంచుట అపాయకరమని నా అభిప్రాయము.

ముందు నిజమును చూతము. లవంగ తైలములో అధికభాగము యూజినాల్. వాము తైలములో ముఖ్యమైనది థైమాల్. దాల్చినచెక్క తైలములో సినమాల్డిహైడ్. ఏలకుల తైలములో సినియోల్. యూజినాల్, థైమాల్ అనునవి ఫినాల్ జాతి పదార్థములు. ఇవి క్రొవ్వులో కరుగు స్వభావము గలవి గనుక, సూక్ష్మజీవి కణమును చుట్టియున్న క్రొవ్వుపొరలో చొచ్చి దానిని శిథిలము చేయును. అంతట లోపలి పొటాసియం మొదలగునవి బయటికి కారిపోయి క్రిమి నశించును. పాస్టరు సహచరుడగు షాంబెర్లాన్ 1887లోనే ఆంత్రాక్స్ క్రిములపై సుగంధ తైలములను పరీక్షించెను. నేటికిని దంతవైద్యులు యూజినాల్‌ను జింక్ ఆక్సైడ్‌తో కలిపి వాడుచున్నారు.

అయినను పరీక్షశాల వేరు, వంటశాల వేరు. పరీక్షలో తైలము క్రిమిని తిన్నగా తాకును. వంటలోనో, నెయ్యియు మాంసమును ఆ తైలములో చాల భాగమును తమలో ఇముడ్చుకొనును. మిగిలినదానిలో కొంత ఆవిరియై పోవును. మన ముక్కుకు తగిలిన పరిమళము గుండిగను విడిచిన తైలమే గదా! క్రిములను చంపుటకు చాలినంత తైలము కలిపినచో ఆ కూడు నోట పెట్టరాదు.

అంతేకాక, బియ్యములో బాసిల్లస్ సీరియస్ అను క్రిమి యొక్క సిద్ధబీజములు ఉండవచ్చును. గట్టి కవచము గల ఈ బీజములు ఉడికినను చావవు. అన్నము గోరువెచ్చగా నిలిచినపుడు అవి మొలకెత్తి వృద్ధిచెంది విషమును పుట్టించును. వాంతి కలిగించు ఆ విషము మరల వేడిచేసినను పోదు. మసాలా దినుసులే ఇట్టి బీజములను మోసికొని వచ్చుటయు కలదు.

కావున గృహిణులును, విందులు చేయువారును ఈ నియమములు పాటింపవలెను. వండిన పదార్థమును 60 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడిలో ఉంచి వడ్డింపుడు. మిగిలినదానిని వెడల్పు పళ్ళెములలో పలుచగా పరచి త్వరగా చల్లార్చి, 2 గంటలలోపుగా 5 డిగ్రీలకు లోబడిన చల్లదనములో చేర్పుడు. రాత్రి యంతయు బయట నిలిచిన బిర్యానీని, వాసన బాగున్నను, పారవేయుడు. లవంగ తైలమును పసిబిడ్డలకు త్రాగింపరాదు. అది కాలేయమునకు హానికరము.

మసాలాను రుచికై నమ్ముదము. ఆరోగ్య రక్షణకు వేడిని, చల్లదనమును, శుభ్రమైన చేతులను నమ్ముదము.