వాదనలో గెలిచి మనిషిని పోగొట్టుకుంటే ఏం మిగిలినట్టు? పల్నాడు ముస్లింలు ఆలోచించాల్సిన మాట

2024 జూలై 17, ముహర్రం రోజు రాత్రి. వినుకొండ నడిరోడ్డు మీద జనం చూస్తుండగానే ఒక యువకుణ్ణి కత్తితో నరికి చంపేశారు. చనిపోయినవాడూ ముస్లిమే, చంపాడని పోలీసులు పట్టుకున్నవాడూ ముస్లిమే. పాత కక్షలే కారణమని పోలీసులన్నారు. కాదు, ఇది రాజకీయ హత్య అని వైసీపీ ఆరోపించింది. జగన్ వినుకొండ వచ్చి ఆ కుటుంబాన్ని పరామర్శించారు, ఆ నెల 24న ఢిల్లీలో ధర్నా చేశారు. నిందితుడు మీవాడంటే మీవాడని రెండు పార్టీలూ కొన్నాళ్లు వాదించుకున్నాయి. ఈలోగా ఒక ఇంట్లో జనాజా లేచింది, ఇంకో ఇంటి బిడ్డ జైలుకు పోయాడు.

ఆ కేసు సంగతి కోర్టు తేలుస్తుంది. మనం తేల్చుకోవాల్సింది వేరే ఉంది. పల్నాడులో మాటకు మాట ఎందుకు ఇంత తొందరగా కక్షగా మారుతోంది? అందులో మన పిల్లలు ఎందుకు ఇరుక్కుంటున్నారు?

దానికి రెండు నెలల ముందు మే 13న పోలింగ్. మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో అప్పటి ఎమ్మెల్యే ఈవీఎంను నేలకేసి కొట్టిన వీడియో దేశమంతా చూసింది. మర్నాడు కారంపూడిలో గొడవలు. నరసరావుపేట, మాచర్ల, గురజాల అంతటా 144 సెక్షన్ పెట్టారు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసి, కలెక్టర్‌ను బదిలీ చేసింది. కేసుల మీద సిట్ వేశారు. ఆ రోజుల్లో షాపులు మూతపడితే నష్టపోయింది నాయకులు కాదు. రోజు కూలీకి పోయేవాళ్లు, బండి మీద పండ్లు అమ్ముకునేవాళ్లు, మెకానిక్‌లు, టైలర్లు. మనవాళ్లలో చాలామంది బతుకు అదే కదా.

ఇప్పుడు మన ఇళ్లలో వాదనకు విషయాలు తక్కువేమీ లేవు. 2025 ఏప్రిల్‌లో పార్లమెంటు వక్ఫ్ సవరణ చట్టం చేసింది. లోక్‌సభలో టీడీపీ దానికి మద్దతిచ్చింది, వైసీపీ వ్యతిరేకించింది. నాలుగు శాతం రిజర్వేషన్ల మాట ప్రతి ఎన్నికల్లోనూ వస్తూనే ఉంది. అన్న ఒక పార్టీ, తమ్ముడు ఇంకో పార్టీ. మామూ ఒక ఫార్వర్డ్ పెడితే, భాంజా దానికి ఘాటుగా జవాబిస్తాడు. సాయంత్రానికి ఒకరు ఫ్యామిలీ గ్రూపు నుంచి వెళ్లిపోతారు. రంజాన్ పండక్కి కూడా గలే మిలనా ఉండదు.

అలాగని ఇస్లాం వాదించొద్దు అనలేదు. ఇది ముందు గుర్తుపెట్టుకోవాలి. ఖౌలా బిన్తె సాలబా (రజి) అనే స్త్రీ తన భర్త చేసిన అన్యాయం గురించి సాక్షాత్తూ దైవప్రవక్త (స) దగ్గరికొచ్చి మళ్లీ మళ్లీ వాదించింది. ఆమెను ఎవరూ నోరు మూసుకోమనలేదు. అల్లాహ్ ఆమె మొర విన్నాడు. ఖుర్ఆన్‌లో 58వ సూరాకు ‘అల్ ముజాదలా’ అనే పేరు ఆ వాదన వల్లే వచ్చింది. ఒక మామూలు ఇల్లాలి వాదన పేరు ఒక సూరాకు నిలిచిందంటే, హక్కు కోసం మాట్లాడటం తప్పెలా అవుతుంది?

తప్పు మాట్లాడటంలో లేదు, మాట్లాడే తీరులో ఉంది. సూరా నహ్ల్ 125వ ఆయతు వివేకంతో, మంచి మాటతో పిలవమంటుంది. వాదించాల్సి వస్తే అన్నిటికన్నా మంచి పద్ధతిలో వాదించమంటుంది. మూసా (అ), హారూన్ (అ)లను ఫిరౌన్ దగ్గరికి పంపినప్పుడు కూడా మెత్తగా మాట్లాడమనే అల్లాహ్ ఆదేశించాడు. ఫిరౌన్‌ను మించిన దుర్మార్గుడు ఎవరు? అంతటివాడితోనే మెత్తగా మాట్లాడమంటే, పక్క పార్టీ జెండా పట్టుకున్న సొంత బావమరిదితో మనం ఎలా మాట్లాడాలి?

ఇక సూరా హుజురాత్ చదివితే ఇవాళ్టి ఫోన్ల గురించే చెప్పినట్టుంటుంది. ఎవరైనా ఒక వార్త తెస్తే విచారించుకోండి, తెలియక ఒకరికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడొద్దు అంటుంది. ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దు, చెడ్డపేర్లతో పిలుచుకోవద్దు అంటుంది. మనం చేసేదేమిటి? ఒకణ్ణి ‘పచ్చ బ్యాచ్’ అంటాం, ఇంకొకణ్ణి ‘పేటీఎం బ్యాచ్’ అంటాం. ఆ పేరు తగిలించాక అతను చెప్పే మాట మన చెవికెక్కదు. వాదన వక్ఫ్ గురించి మొదలవుతుంది, వాళ్ల నాన్న ఎవరి దగ్గర ఎంత తీసుకున్నాడనే దగ్గర తేలుతుంది. అక్కడి నుంచి అది ఇజ్జత్ గొడవ.

పల్నాడులో ఇజ్జత్‌ను పౌరుషం అంటారు. కోడి పందెం దగ్గర మొదలైన పంతం కారంపూడి యుద్ధం దాకా పోయిన కథ ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. వెనక్కి తగ్గితే మగాడు కాదన్న మాట ఈ గాలిలోనే ఉంది. దానికి మన దగ్గర జవాబుంది. హిజ్రీ 6వ సంవత్సరం హుదైబియాలో ఒప్పందం రాస్తున్నారు. ప్రవక్త (స) పేరు పక్కన ‘అల్లాహ్ ప్రవక్త’ అని రాయడానికి మక్కా తరఫున వచ్చిన సుహైల్ ఒప్పుకోలేదు. రాస్తున్న హజ్రత్ అలీ (రజి)కి దాన్ని కొట్టేయడానికి చేతులు రాలేదు. ప్రవక్త (స) తానే దాన్ని చెరిపి, ‘అబ్దుల్లా కుమారుడు ముహమ్మద్’ అని రాయించారు. మనం సత్యం మీద లేమా, ఎందుకింత తగ్గాలి అని హజ్రత్ ఉమర్ (రజి) బాధపడ్డారు. కానీ ఖుర్ఆన్ దాన్నే స్పష్టమైన విజయం అంది. రెండేళ్లలో మక్కా చేతికొచ్చింది. ఆ సుహైల్ కూడా తర్వాత ఇస్లాం స్వీకరించాడు. ఆ రోజు పేరు కోసం పట్టుబట్టి ఉంటే ఒప్పందమే జరిగేది కాదు.

న్యాయం తన వైపే ఉన్నా వాదులాట వదిలేసినవాడికి స్వర్గంలో ఇల్లు ఉందని ప్రవక్త (స) హామీ ఇచ్చిన హదీసు అబూ దావూద్‌లో ఉంది. ఎదుటివాడి నోట సత్యం బయటపడినా తనకు సంతోషమేనన్నది ఇమామ్ షాఫయీ (రహ్) వాదించిన పద్ధతి. గెలవాలని కాదు, తెలుసుకోవాలని వాదించడమంటే అదే.

“ఇలా మెత్తగా ఉంటే మనల్ని ఎవరు లెక్కచేస్తారు?” అని కుర్రాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2021 మున్సిపల్ ఎన్నికల్లో మాచర్లలో అన్ని వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. వాదనే లేకుండా అయిన ఆ ఏకగ్రీవం ఊరికి శాంతి తెచ్చిందా? మూడేళ్లకే ఏం జరిగిందో చూశాం. నోరు మూసుకుని ఉండటం అదబ్ కాదు. ఆధారంతో, గొంతు పెంచకుండా, వదలకుండా అడగడం అదబ్. వక్ఫ్ చట్టం మీద కోర్టుకు వెళ్లినవాళ్లు ఎవర్నీ తిట్టలేదు, కాగితాలు పట్టుకుని వెళ్లారు. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు చట్టం మొత్తాన్ని ఆపకపోయినా కొన్ని నిబంధనల మీద స్టే ఇచ్చింది. మీ ఊళ్లో మసీదు భూమి, ఖబరస్తాన్ కాగితాలు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి పెట్టే గంట, గ్రూపులో తిట్టుకునే వంద మెసేజ్‌ల కన్నా మేలు.

స్థానిక ఎన్నికలు ఎప్పుడొచ్చినా ఈ వేడి మళ్లీ పెరుగుతుంది. జుమా ఖుత్బాలో ఇమామ్‌లు, ఇంట్లో పెద్దలు ఇప్పుడే ఈ మాట చెప్పాలి. విచారించకుండా ఫార్వర్డ్ చేయొద్దు. విషయం మీద మాట్లాడండి, మనిషి మీదకు పోవద్దు. కోపమొస్తే అక్కడితో ఆపండి. ముస్లిం తన సోదరుడితో మూడు రోజులకు మించి మాట మానేయడం తగదని, ముందు సలాం చెప్పినవాడే మేలైనవాడని హదీసు ఉంది కాబట్టి, మూడో రోజు దాటకముందే ఫోన్ చేయండి.

యుద్ధం కథ ఉన్న ఈ పల్నాడులోనే అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు కథ కూడా ఉంది. మన ఇళ్లలో దస్తర్‌ఖాన్ ఉంది. పార్టీ ఏదైనా కానీ, ఆ దస్తర్‌ఖాన్ మీద అన్నదమ్ములిద్దరికీ చోటుండాలి.