హద్దు దాటిన జనం
2011 జనగణనలో కడప జిల్లా బద్వేలు పట్టణ జనాభా 70 వేల పైచిలుకు. పొద్దున నాలుగు రోడ్ల కూడలిలో నిలబడండి, ఆ లెక్క చాలదని తెలుస్తుంది. పోరుమామిళ్ల, అట్లూరు, కలసపాడు బస్సులు దిగేవాళ్లకు ఆస్పత్రి, కాలేజీ, విత్తనాల అంగడి అన్నీ ఇక్కడే. తాగే నీళ్లూ ఈ ఊరివే. ఊరి లెక్కకూ ఊరిని వాడుకునే జనానికీ ఉన్న ఈ తేడా ఇండోనేసియాలోని జకార్తాలోనూ ఉంది. 2020 జనగణన నాటికి ఆ నగరంలో కోటికి పైనే జనం. చుట్టూ ఉన్న బొగోర్, దెపోక్, తంగెరాంగ్, బెకాసీలను కలుపుకుంటే దాదాపు మూడు కోట్లు. అక్కడ రైళ్లు ఆ మొత్తం ప్రాంతానికీ నడుస్తాయి. మనకేమో మున్సిపాలిటీ గీతే హద్దు. ఇంకోపక్క, కువైట్‌కు వంటపనికీ డ్రైవింగుకూ పోయిన మనవాళ్లు ఊరి లెక్కలోనే ఉండరు. వాళ్ల సంపాదనతో లేచిన మిద్దెలు, వాటిలో మిగిలిన ముసలోళ్లు ఇక్కడే ఉన్నారు. 2027 జనగణన అంకెలొచ్చాకైనా బద్వేలు నీటి పథకాన్ని, ఆస్పత్రి పడకలను చుట్టుపక్కల మండలాలన్నీ కలిపి లెక్కగట్టాలి.